నిలువులో సగం నడుము
(డాక్టర్ సి. గోపాలన్ స్మృతిలో తిరువూరులో చేసిన ఉపన్యాసం పాఠం)



మన వైపు మామూలు మనుషులు తమ బరువు తూయించుకునే సందర్భాలు మొన్నమొన్నటి దాకా పెద్దగా ఉండేవి కావు. నాకు గుర్తొచ్చేవి రెండే. ఒకటి మేడారం మొక్కు. సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం ఇస్తానని మొక్కుకున్నవాళ్ళు తమ బరువెంతో చూసుకుని అంత బెల్లం కొనాలి, అక్కడ బెల్లమే బంగారం. 60 కిలోల మనిషికి 60 కిలోల బంగారం. ఒళ్ళు ఎక్కువైతే ఖర్చు ఎక్కువ, అంతే తప్ప అందులో సిగ్గేమీ లేదు. రెండోది రైల్వే స్టేషన్లో రంగు బల్బులు వెలిగే యంత్రం. బిళ్ళ వేస్తే అట్టముక్క టికెట్టు పడేది. ఒక పక్క బరువు, ఇంకో పక్క జాతకం. జనం ముందు జాతకమే చదివేవారు.

ఇప్పుడు కాటా ఇంట్లోకి వచ్చింది. మెడికల్ షాపు గుమ్మంలో ఉంది, జిమ్ములో ఉంది, అంగన్‌వాడీలో ఉంది. దాని అంకె చూసి ఆడపిల్ల రాత్రి అన్నం మానేస్తోంది. అదే అంకె బాగుందని చూసుకుని మా వయసు మగవాడు షుగరు పరీక్ష వాయిదా వేస్తున్నాడు. టికెట్టుకు ఇటు పక్కనున్న అంకెనే జాతకంలా చదువుతున్నాం. అందుకని ఇవాళ మాట్లాడదలచింది ఒంటి కొలతల గురించి. ఏ కొలత ఏం చెబుతుంది, ఏం చెప్పదు, ముఖ్యంగా ఎవరి కొలబద్దతో మనల్ని మనం కొలుచుకోవాలి.

ఈ చివరి ప్రశ్న పోషకాహార శాస్త్రవేత్త గోపాలన్ గారిది.

ఆయన 1918 నవంబరులో పుట్టారు. అదే ఏడు కూనూరులో రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు బెరిబెరి జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టాడు. ఆ చిన్న ప్రయోగశాలే పెరిగి 1958లో హైదరాబాదు తార్నాకకు తరలివచ్చింది. తరవాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. 1960ల్లో దాన్ని నడిపించినవారు గోపాలన్. తరవాత ఢిల్లీలో భారత వైద్య పరిశోధనా మండలికి అధిపతిగా వెళ్ళారు. 2019 అక్టోబరులో, నిండు నూరేళ్ళ వయసులో కన్నుమూశారు. మనం తినే బియ్యంలో, జొన్నలో, గోంగూరలో ఏమేముందో లెక్కగట్టిన పట్టికలు ఇప్పటికీ డైటీషియన్ల బల్లల మీద ఉంటాయి. వాటి వెనక ఆయన చెయ్యి ఉంది. పిల్లల చూపు పోకుండా ఆరునెలలకోసారి ఇచ్చే విటమిన్ ఎ మోతాదు వెనక ఆయన సంస్థ పని ఉంది. వీటి గురించి ఇంకో సభలో మాట్లాడుకోవచ్చు. నేను ఇవాళ పట్టుకునేది ఆయన చేసిన ఒక వాదన. అక్కడికి రావాలంటే ముందు కాస్త వెనక్కి వెళ్ళాలి.

బీఎంఐ అనే మాట ఇప్పుడు ఇక్కడ తెలియనివాళ్ళు తక్కువ. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె. 160 సెంటీమీటర్ల ఎత్తు, 60 కిలోల బరువుంటే 23.4. ఈ సూత్రం కనిపెట్టినవాడు వైద్యుడు కాడు. బెల్జియం దేశపు ఖగోళ శాస్త్రజ్ఞుడు, గణాంకవేత్త అడాల్ఫ్ కెట్లే. సగటు మనిషి ఎలా ఉంటాడో లెక్కల్లో పట్టుకోవాలని ఆయన తాపత్రయం. పెద్దవాళ్ళ బరువు వాళ్ళ ఎత్తు వర్గానికి తగ్గట్టు పెరుగుతోందని గమనించి 1830ల్లో రాసిపెట్టాడు. ఎవరికి జబ్బు వస్తుందో చెప్పడానికి కాదు. 140 ఏళ్ళ తరవాత, 1972లో, అమెరికాలో యాన్సెల్ కీస్ బృందం దాన్ని వెలికితీసి బీఎంఐ అని పేరు పెట్టింది. వాళ్ళు పరీక్షించింది అయిదు దేశాలకు చెందిన 7,400 పైచిలుకు మగవాళ్ళను. ఆ లెక్కలో ఆడవాళ్ళు లేరు. భారతదేశమూ లేదు. జనసమూహాలను పోల్చడానికి ఉన్నవాటిలో ఇది మెరుగు అన్నంతవరకే కీస్ అన్నాడు. దాన్ని ఒక్కో మనిషి చీటీ మీద రాసి ముద్ర వెయ్యడం తరవాతివాళ్ళ పని. 18.5 కంటే తక్కువైతే బక్క, 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం అనే గీతలు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990ల్లో ఖాయం చేసింది.

ఇలాంటి పాత లెక్క ఇంకొకటుంది. మన డాక్టర్లు కొందరు ఇప్పటికీ నోటితో చెప్పేస్తారు: ఎత్తు సెంటీమీటర్లలో ఎంతో చూసి అందులో వంద తీసెయ్యి, అంత కిలోలుండాలి. ఫ్రెంచి వైద్యుడు బ్రోకా పేరు మీద నడుస్తున్న లెక్క ఇది. 150 సెంటీమీటర్ల మనిషికి 50 కిలోలన్నమాట, బీఎంఐ 22 వస్తుంది, ఫరవాలేదు. 180 సెంటీమీటర్ల మనిషికి 80 కిలోలంటే దాదాపు 25. పొడుగువాళ్ళ మీద ఈ లెక్కకు కొంచెం దయ ఎక్కువ.

మరి మనకు 25 గీత సరిపోతుందా? సరిపోదని తేల్చినవాళ్ళలో పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్ ఒకరు. 2004లో లాన్సెట్ పత్రికలో ఆయన, లండన్ శాస్త్రవేత్త జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫొటో వచ్చింది. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం. యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. మామిడికాయలు బాగా తెలిసిన మీకు దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు. రెండు కాయలు కాటా మీద ఒకే బరువు తూగుతాయి, ఒకదానిలో కండ ఎక్కువ, ఇంకోదానిలో టెంక ఎక్కువ. మన ఒంట్లో ఆ కొవ్వు చేరేది కూడా చేతుల్లో కాళ్ళలో కాదు, పొట్టలో, కాలేయం చుట్టూ. పైకి సన్నగానే కనబడతాం. అందుకే అదే ఏడు ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు, ఆసియావాళ్ళు 23 దగ్గరే జాగ్రత్త పడాలన్నారు. 2009లో మన దేశ వైద్యులు కూర్చుని 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని గీతలు కిందికి దించారు. కీళ్ళ నొప్పులకో మరోదానికో వెళ్ళినప్పుడు మీ బీఎంఐ 24, నార్మల్ అని ఎవరైనా అంటే, వాళ్ళు ఏ గీత చూసి అంటున్నారో అడగండి.

గీత కిందికి దించినా బీఎంఐ గుడ్డితనం పోదు. కండకూ కొవ్వుకూ తేడా దానికి తెలియదు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది 69 కిలోల విభాగంలో. ఆ విభాగపు పై అంచు దాకా తూగే స్త్రీ మన 23 గీత దాటకుండా ఉండాలంటే 173 సెంటీమీటర్లు దాటి ఉండాలి. మన ఆడవాళ్ళలో అంత పొడుగు ఎందరికుంటుంది? శ్రీకాకుళం వస్తాదులు, పొలంలో బస్తాలు మోసే జబ్బపుష్టి గలవాళ్ళు ఈ లెక్కలో లావుపాటివాళ్ళ కింద పడిపోతారు. ఇంకోవైపు కుర్చీలో కూర్చుని సన్నటి కాళ్ళు, గుండ్రటి పొట్ట పెంచినవాడు నార్మల్ అని చీటీ పుచ్చుకుంటాడు. నాకు ఈ రెండోవాడి గురించే బెంగ.

అందుకని నడుము కొలవాలి. మన వైద్యుల గీతలు మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80. కొలిచే చోటు తెలియాలి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడిమధ్య, మామూలుగా ఊపిరి వదిలాక, టేపు ఒత్తకుండా. ప్యాంటు సైజు చెప్పి తప్పించుకునే మగవాళ్ళను నమ్మవద్దు. పదేళ్ళుగా 32 నంబరే అంటారు. ప్యాంటు మారలేదు నిజమే, పొట్ట కిందికి జారింది. లంగా బొందు ముడి ఎక్కడ పడుతోందో ఆడవాళ్ళకు మాత్రం కచ్చితంగా తెలుసు, ఒంటి మీద గీత చూసుకుంటారు కనక.

సెంటీమీటర్లు కూడా అక్కర్లేని పద్ధతి ఒకటుంది, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. మీ ఎత్తుకు సరిపడా దారం తెంపండి. సగానికి మడవండి. ఆ సగం మీ నడుము చుట్టూ తిరిగి కొసలు కలవాలి. నడుము నిలువులో సగం దాటకూడదన్నమాట. ఇంగ్లండు ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు కూడా 2022లో ఇదే చెప్పాయి. ఇందులో ఇంకో సుఖం ఉంది. 90 గీత 180 సెంటీమీటర్ల మగవాడికి సరిగ్గా సగం. కానీ 165 సెంటీమీటర్లవాడికి సగమంటే 82న్నరే. 150 సెంటీమీటర్ల ఆవిడకు 75. అందరికీ ఒకే అంకె పెట్టినప్పుడు పొట్టివాళ్ళకు దొరికే తప్పుడు ధైర్యాన్ని దారం ఇవ్వదు. మనవాళ్ళు మూరలతో, జానలతో, నిలువులతో కొలిచినన్నాళ్ళూ ఎవరి ఒంటికి వాళ్ళ ఒళ్ళే కొలబద్ద. పిల్లాడి మొలతాడు బిగుతైందా వదులైందా అని చూసే అమ్మమ్మ చేసింది కూడా నడుము కొలతే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రం లెక్క చూడండి. ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళలో 36.3 శాతం బీఎంఐ 25 గాని, ఆ పైన గాని. మగవాళ్ళలో 31.1 శాతం. గీత 23 దగ్గర పెడితే ఇంకెంతమంది చేరతారో ఊహించుకోండి. అదే సర్వేలో 14.8 శాతం ఆడవాళ్ళు 18.5 కంటే కింద ఉన్నారు. అయిదేళ్ళలోపు పిల్లల్లో 31.2 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో, బొజ్జ పెరిగిన తండ్రి, ఎదగని బిడ్డ.

ఆ ఎదగని బిడ్డ దగ్గరికే గోపాలన్ వాదన.

1980ల మొదట్లో డేవిడ్ సెక్లర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త ఒక మాట తెచ్చాడు. పేద దేశాల పిల్లలు పొట్టిగా ఉన్నంత మాత్రాన పోషణ లేనట్టు కాదు, దొరికిన తిండికి ఒళ్ళు సర్దుకుంది, చిన్నగా ఉన్నా ఆరోగ్యంగానే ఉన్నారు అని. వినడానికి మెత్తగా ఉంటుంది. మనల్ని వెనకబడ్డవాళ్ళని అనకుండా గౌరవించినట్టుగా కూడా ఉంటుంది. దాని ఫలితం మాత్రం లెక్క పుస్తకంలో కనబడుతుంది. ఆ మాట ఒప్పుకుంటే తిండి చాలని పిల్లల సంఖ్య రాత్రికి రాత్రి తగ్గిపోతుంది, వాళ్ళ కోసం పెట్టాల్సిన ఖర్చూ తగ్గుతుంది. గోపాలన్ 1983లో దీనికి జవాబు రాశారు. ఆయన అడిగిన దాని సారం ఇది: చిన్నదే మేలు అనే న్యాయం పేదవాడి పిల్లలకేనా, కలిగినవాళ్ళు తమ పిల్లలకు ఒప్పుకుంటారా?

ఆయన ఊరికే ఆవేశపడలేదు. చేతిలో హైదరాబాదు లెక్కలున్నాయి. 1976లో ఆయన సంస్థ శాస్త్రవేత్తలు హైదరాబాదులో బాగా కలిగిన ఇళ్ళ చిన్నపిల్లలను కొలిచి, వాళ్ళు అమెరికా పిల్లలతో సమానంగా ఎదుగుతున్నారని చూపించారు. అంటే పొట్టితనం తెలుగు రక్తంలో లేదు, కంచంలో ఉంది, తాగే నీళ్ళలో ఉంది. మరుసటి ఏడే ఇంకో అధ్యయనం వచ్చింది. పేలుడు ఫ్యూజులు తయారుచేసే కార్మికుల ఒళ్ళు కొలిచి, రోజుకు ఎన్ని తయారుచేస్తున్నారో లెక్కపెట్టారు. ఒళ్ళున్న కార్మికుడి చేతి నుంచి ఎక్కువ సరుకు వచ్చింది. ఎక్కువ పని, ఎక్కువ కూలి. చిన్న ఒంటికి ఏ నష్టమూ లేదన్న మాట అక్కడే తేలిపోయింది. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల ఎదుగుదలకు కొత్త ప్రమాణాలు తెచ్చినప్పుడు బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా పిల్లలను కొలిచింది. తల్లిపాలు తాగి, జబ్బులు లేని మంచి ఇళ్ళలో పెరిగితే ఢిల్లీ పిల్లాడూ ఓస్లో పిల్లాడూ దాదాపు ఒకేలా పెరిగారు. ఇరవై మూడేళ్ళ తరవాత గోపాలన్ మాటకు దొరికిన సాక్ష్యం అది.

ఇక్కడ మీలో ఎవరైనా లేచి అడగాలి. పెద్దవాళ్ళ దగ్గర మనం వేరు, మన గీత 23 అన్నావు. పిల్లల దగ్గరికి వచ్చేసరికి మనం వేరు కాదు, నార్వే గీతే మనకూ అంటున్నావు. ఏది సౌకర్యంగా ఉంటే అది పట్టుకుంటున్నావా అని.

నేను చాలాకాలం దీని చుట్టూ తిరిగాను. నా జవాబు ఇది. గీత ఎక్కడ పెట్టాలో జాతి చెప్పదు, జబ్బు చెబుతుంది. ఫలానా అంకె దగ్గర మనిషికి ఏమవుతోంది అన్నదే చూడాలి. పెద్దవాళ్ళలో 25 రాకముందే, 23 దగ్గరే, మనకు షుగరూ బీపీ మొదలవుతున్నాయి. అందుకని గీత దించాం. పిల్లల్లో ప్రమాణం కంటే కిందపడ్డవాళ్ళే ఎక్కువ జబ్బు పడుతున్నారు, ఎక్కువ చనిపోతున్నారు. అలా ఎదగని ఆడపిల్లకే పెద్దయ్యాక కాన్పు కష్టమవుతోంది. అందుకని గీత దించకూడదు. రెండు చోట్లా మనం జబ్బుకు ముందే మేలుకోవాలనే చూస్తున్నాం. సెక్లర్ వాదన జబ్బు వచ్చాక కూడా పడుకోమంటుంది.

పైగా ఈ రెండూ వేరువేరు కథలు కావు. యాజ్ఞిక్ బృందమే పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన బిడ్డలను తూచింది. సగటున 2.7 కిలోలు. ఇంగ్లండులో సౌథాంప్టన్ బిడ్డలు 3.5. కండ తక్కువ, అవయవాలు చిన్నవి. చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. అంటే పొట్టలో కొవ్వు దాచుకునే ఒళ్ళు తల్లి గర్భంలోనే తయారవుతోంది. సరిగ్గా ఎదగని ఆడపిల్లకు పుట్టిన తక్కువ బరువు బిడ్డ, నలభై ఏళ్ళకు 23 బీఎంఐతో షుగరు మాత్ర మింగే మనిషి, ఒకే దారిలో రెండు మజిలీలు. మన గీత 23కు ఎందుకు దిగాల్సి వచ్చిందో చెప్పే కారణాల్లో, మన పిల్లల గీతను దించుకుందామన్న ఉదాసీనత కూడా ఉంది. గోపాలన్‌ను గుర్తుచేసుకోవడానికి నాకున్న కారణం ఇదే.

ఇక అంగన్‌వాడీ అక్కచెల్లెళ్ళతో రెండు మాటలు. రెండేళ్ళలోపు బిడ్డను పడుకోబెట్టి కొలుస్తారు, తరవాత నిలబెట్టి. పడుకోబెట్టినప్పుడు 0.7 సెంటీమీటరు ఎక్కువ వస్తుంది కనక ఏది ఎలా కొలిచారో రాయకపోతే బిడ్డ రెండో పుట్టినరోజు తరవాత కుంచించుకుపోయినట్టు కనబడుతుంది. తల పలకకు ఆనాలి, మోకాళ్ళు చాపాలి, ఇద్దరు మనుషులు కావాలి. మీకు ఒక్కరే ఉంటారని, ఫోనులో ఎక్కించాల్సింది బోలెడుందని నాకు తెలుసు. బిడ్డను తూచితే దిష్టి తగులుతుందని ఎత్తుకుపోయే తల్లులూ తెలుసు. ఆ తల్లితో గొడవ పడకండి. అంకె పైకి చదవకుండా పుస్తకంలో చూపించండి, గీత పైకి పోతోందో కిందికి వస్తోందో ఆమె చూసుకుంటుంది. ఒక నెల అంకె కన్నా మూడు నెలల దారి ముఖ్యం.

కాటా పాడైన రోజు కూడా బిడ్డను కనిపెట్టవచ్చు. ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు బిడ్డ జబ్బ చుట్టూ టేపు వేస్తే 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువైతే తీవ్రమైన పోషణ లోపం, 12.5 కంటే తక్కువైతే జాగ్రత్త. వైద్య విద్యార్థులకు గాజు పరీక్ష అని ఒకటి నేర్పేవారు. నాలుగు సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గాజు బిడ్డ మోచేతి పైకి ఎక్కిపోతే ఆ బిడ్డకు తిండి చాలడంలేదని గుర్తు. లెక్క వేసి చూడండి, నాలుగు సెంటీమీటర్ల గాజు చుట్టుకొలత 12.56. టేపు చెప్పేదే గాజూ చెప్పింది.

నీరు పట్టిన ఒంటి దగ్గర మాత్రం కాటాను అసలు నమ్మకండి. గోపాలన్ తొలి రోజుల్లో పని చేసిన క్వాషియోర్కర్ అలాంటిదే. తిండిలేక చిక్కిన బిడ్డ కాళ్ళూ మొహం ఉబ్బి బరువు తూగుతుంది. పాదం మీద బొటనవేలితో నొక్కి గుంట పడుతోందా చూడాలి. పెద్దవాళ్ళలో ఈ సంగతి మన పక్క ఏ. కొండూరు తండాల కిడ్నీ రోగులకు నాకంటే బాగా తెలుసు. డయాలసిస్‌కు ముందు ఒక బరువు, తరవాత ఒక బరువు. ఆ తేడా అంతా నీళ్ళే. ఆ మనిషి అన్నం తిని ఒళ్ళు చేశాడో లేదో తేలాలంటే నీరు తీశాక ఉన్న బరువే చూడాలి.

ఇంక ఒక కొత్త సంగతి చెప్పి ముగిస్తాను. 2025లో బరువు తగ్గించే సూదిమందులు మన దేశంలోకి వచ్చాయి. మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ. వారానికో సూది. ఎవరికి ఇవ్వాలో మళ్ళీ బీఎంఐ అంకె చూసే తేలుస్తున్నారు. అదే ఏడు జనవరిలో లాన్సెట్ నియమించిన నిపుణుల బృందం, ఒక్క బీఎంఐతో ఊబకాయం తేల్చవద్దు, నడుము కొలవండి, కొవ్వు వల్ల అవయవాలు దెబ్బతింటున్నాయో లేదో చూడండి అని గట్టిగా చెప్పింది. మందు అవసరమైనవాళ్ళు ఉన్నారు, వాళ్ళను నేను తప్పుపట్టను. అయితే ఆ మందుతో పోయే బరువంతా కొవ్వు కాదు, కొంత కండ. ఏ మందూ లేకపోయినా అరవై దాటాక కండ మెల్లగా తరిగిపోతూనే ఉంటుంది, దాని స్థానంలో కొవ్వు చేరి కాటా అంకె కదలకుండా నిలబడుతుంది. దాన్ని పట్టుకునే కొలత పిక్కది. ఆసియా నిపుణులు 2019లో పెట్టిన గీత ప్రకారం పిక్క అతి లావుగా ఉన్నచోట చుట్టుకొలత మగవాళ్ళకు 34 సెంటీమీటర్లకు, ఆడవాళ్ళకు 33కు తగ్గితే కండ పోతోందని అనుమానించాలి. కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా సూది మొదలుపెట్టబోతుంటే, లేదా పెద్దాయన ఈమధ్య సన్నబడ్డారు, మంచిదేలే అని ఇంట్లో అనుకుంటుంటే, బరువు రాసే కాగితం మీదే నడుము, పిక్క కూడా రాసిపెట్టండి. మూడు నెలలకోసారి మళ్ళీ కొలవండి. నడుము తగ్గి పిక్క నిలబడితే సరే. పిక్క తగ్గి నడుము నిలబడితే ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి.